విషానికో పెట్టె... మనిషికో గోడ!

ఆదిలాబాద్ పత్తి చేలో పురుగుమందు కలిపే రైతుకూ, అణు ప్రయోగశాలలో ప్లుటోనియం పొడిని తూచే శాస్త్రవేత్తకూ భయం ఒక్కటే. అది చేతికి అంటకూడదు. ముక్కులోకి పోకూడదు. ఒంటిమీద చేరి ఇంటిదాకా రాకూడదు. తేడా ఏంటంటే... శాస్త్రవేత్తకు ఓ పెట్టె ఉంది. రైతుకు లేదు!

ఆ పెట్టె పేరు 'గ్లవ్ బాక్స్'. స్టీలు చట్రం, పారదర్శకమైన అద్దాలు. ముందువైపు రెండు గుండ్రటి రంధ్రాలు. వాటికి బిగించిన పొడవాటి రబ్బరు తొడుగులు. బయట నిలబడి తొడుగుల్లో చేతులు దూర్చి, లోపల ఉన్న పదార్థాన్ని తూయొచ్చు, నూరొచ్చు, బిళ్లలుగా అచ్చువేయొచ్చు. చేతులు లోపలే ఉన్నట్టుంటాయి కానీ, నిజానికి బయటే ఉంటాయి.

ప్లుటోనియం నుంచి ముఖ్యంగా వెలువడేవి ఆల్ఫా కణాలు. వాటిని ఓ కాగితం ముక్క కూడా ఆపేస్తుంది. మన చర్మం దాటి అవి లోపలికి రాలేవు. మరెందుకంత భయం? పొడి రూపంలో ఉన్నది గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకి చేరితే, అక్కడే తిష్ఠవేసి కణజాలాన్ని ఏళ్లతరబడి దెబ్బతీస్తుంది. అందుకే దాన్ని బయట గాలికి తగలనివ్వకపోవడమే అసలు రక్షణ.

గాలిది ఒకే దారి

మరి పెట్టెకు ఎక్కడైనా చిల్లు పడితే? దానికీ ఓ ఉపాయముంది. లోపలి గాలి పీడనాన్ని బయటికన్నా కాస్త తక్కువగా ఉంచుతారు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే పోపు ఘాటు హాల్లోకి రాదు కదా... అదే సూత్రం. చిల్లు పడినా బయటి గాలి లోపలికి పోతుందే తప్ప లోపలిది బయటికి రాదు. ఫ్యాను లాగేసిన గాలిని 'హెపా' ఫిల్టర్ల గుండా పంపుతారు. 0.3 మైక్రాన్ల సన్నటి రేణువుల్ని సైతం 99.97 శాతం పట్టేసుకునే వడపోతలవి.

తొడుగు పాతబడితే ఏం చేస్తారు? పాతదాన్ని తీయకుండానే దానిమీద కొత్తది బిగించి, పాతదాన్ని లోపలికి నెట్టేస్తారు. లోపలి వస్తువును బయటికి తేవాలంటే రంధ్రానికి ముందే తగిలించి ఉన్న పొడవాటి ప్లాస్టిక్ సంచిలోకి జార్చి, మధ్యలో వేడితో అతికిస్తారు. ఆ అతుకు నడిమికి కోస్తారు. వస్తువు వైపూ మూతే, పెట్టె వైపూ మూతే. ఒక్క క్షణం కూడా లోపలికీ బయటికీ దారి తెరుచుకోదు.

కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ 1985 అక్టోబరులో తొలిసారి క్రిటికాలిటీకి చేరింది. దాని కోసం ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం యురేనియం-ప్లుటోనియం కార్బైడ్ ఇంధనాన్ని తయారుచేసింది. గాలి తగిలితే అంటుకునే గుణమున్న పదార్థమది. అందుకే ఆక్సిజన్‌కు చోటివ్వని వాయువు నింపిన గ్లవ్ బాక్సుల్లోనే పనంతా సాగింది.

కోబాల్ట్-60 లాంటి వాటి కథ వేరు. వాటి గామా కిరణాలకు రబ్బరు తొడుగు అడ్డే కాదు. మందపాటి కాంక్రీటు గోడలు, సీసం కలిపిన అద్దం, బయటినుంచి ఆడించే ఇనుప చేతులు కావాలి. ఆ గదిని 'హాట్ సెల్' అంటారు.

పెట్టే చెత్తయితే...

పెట్టె ఉంటే చాలదు. 1969 మే 11న అమెరికాలో కొలరాడోలోని రాకీఫ్లాట్స్ ప్లుటోనియం కర్మాగారంలో వరసగా కలిపి ఉన్న గ్లవ్ బాక్సుల్లో మంటలు పుట్టాయి. లోపలి ప్లుటోనియమే కాదు, కాపాడాల్సిన కిటికీల ప్లాస్టిక్కూ కాలింది. శుభ్రం చేయడానికే దాదాపు రెండేళ్లు పట్టింది. పెట్టెను దేంతో కట్టామన్నది, ఒకచోట పుట్టిన మంట పక్క పెట్టెకు పోకుండా ఎలా ఆపాలన్నది కూడా రక్షణలో భాగమేనని ఆ ప్రమాదం నేర్పింది.

ఇంకో చిక్కూ ఉంది. పాత అణుకేంద్రాన్ని విప్పేటప్పుడు పని జరిగే చోటల్లా తాత్కాలికంగా ఓ గుడారం వేయాలి. ప్లాస్టిక్ గుడారమైతే పని అయ్యాక అదీ రేడియోధార్మిక చెత్తే! విషాన్ని దాచబోయి విషపు చెత్తను పెంచినట్టు. దానికి విరుగుడే విప్పి మళ్లీ బిగించుకునే పలకల గదులు. ఒకే కొలతల పలకలు, నున్నటి ఉపరితలం, లోపల తొక్కలా ఊడొచ్చే పూత. పని ముగిశాక పూతను వలిచేస్తే దానికి అంటిన ధూళీ వచ్చేస్తుంది. పలకల్ని తుడిచి, పరీక్షించి మరోచోట బిగించుకోవచ్చు. పెళ్లి పందిరి విప్పి ఇంకో ఊళ్లో వేసినట్టే!

ఇలా పెట్టెల్లాంటి గదుల్ని తెచ్చి పెట్టుకునే పద్ధతిని హైదరాబాదు కూడా చూసింది. కరోనా వేళ డీఆర్‌డీఓకు చెందిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్, ఈఎస్ఐసీ ఆసుపత్రి, ప్రైవేటు సంస్థలు కలిసి కంటెయినర్లలో సంచార వైరాలజీ ప్రయోగశాలను తయారుచేశాయి. ఆరు నెలలు పట్టే పని 15 రోజుల్లో ముగిసింది. 2020 ఏప్రిల్ 23న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దాన్ని ప్రారంభించారు. రోజుకు వెయ్యికిపైగా నమూనాలను పరీక్షించే సామర్థ్యం దానిది. లోపలున్నది వైరస్ అయినా, ప్లుటోనియం అయినా సూత్రం ఒకటే... ప్రమాదం లోపల, మనిషి బయట.

పెన్‌గంగ ఒడ్డున

ఇక పత్తి చేలోకి వద్దాం. ఆదిలాబాద్ జిల్లాలో జైనథ్, బేల ప్రాంతాల నుంచి పెన్‌గంగ దాటితే మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. అదే నల్లరేగడి, అదే పత్తి. 2017లో అక్కడ మందు కొట్టిన రైతులూ కూలీలూ వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. ఇరవైమందికిపైగా చనిపోయారు. మనిషి ఎత్తు పెరిగిన చేలో, ఉక్కపోతలో, ముక్కుకు అడ్డం లేకుండా మందు తుంపర మధ్య నడవాల్సి రావడం కూడా అందుకు కారణమని చెప్పారు.

చేను చుట్టూ అద్దాల పెట్టె కట్టలేం. కానీ ఎక్కువ చిక్కదనంలో ఉన్న విషం చేతికి తగిలేది మందు కలిపేటప్పుడే. ఆ ఒక్క దశనైనా మూతలో పెట్టొచ్చు. డబ్బాలోంచి మందు నేరుగా ట్యాంకులోకి పోయేలా, చేయి తగలకుండా చేసే ఏర్పాట్లు ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో అత్యంత విషపూరితమైన ద్రవ మందులకు ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి చేసి దశాబ్దాలైంది.

అది మన ఊళ్లకు చేరేలోగా చేతిలో ఉన్న పనులు కొన్ని. బకెట్లో చేయి పెట్టి కాకుండా కట్టెతో కలపాలి. రబ్బరు తొడుగులు, మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. గాలికి ఎదురుగా మందు కొట్టకూడదు. కొట్టేటప్పుడు బీడీ, తంబాకు ముట్టకూడదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టాలి. లేకపోతే అది నీళ్లకో నూనెకో వంటింట్లో చేరుతుంది. మందు కొట్టిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

ప్లుటోనియం తూచే మనిషికి గోడ కట్టడానికి ఎంతో డబ్బూ, ఎంతో తెలివీ ఖర్చు చేశారు. మందు కలిపే మనిషికి కావలసింది అందులో ఎన్నో వంతు? ఓ జత తొడుగులు, ఓ మాస్కు, డబ్బాకు సరిపోయే ఓ మూత. మందు అమ్మే దుకాణంలో మందుతోపాటే అవీ చేతికిస్తే... రైతుకూ ఓ గోడ ఉన్నట్టే!