బోర్డు పోయిందనగానే పాత సామాన్ల బండికి ఎత్తేయకండి



పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు కంప్యూటర్‌ని కూడా విప్పి శుభ్రం చేయడం మనలో చాలామందికి అలవాటు. దుమ్ము దులుపుతాం, ఫ్యాను తుడుస్తాం, మళ్లీ బిగిస్తాం. తీరా స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎవరో వచ్చి చూసి "బోర్డు పోయిందండీ" అంటారు. వారం తిరక్కుండా ఆ పెట్టె పాత సామాన్ల బండి ఎక్కేస్తుంది. ఈ పద్ధతి మానాలన్నది మా అభిప్రాయం.

విప్పకముందు నడిచిన యంత్రం బిగించాక నడవకపోతే, ముందు అనుమానించాల్సింది మనం చెయ్యిపెట్టిన చోట్లనే. మా సంఘం సభ్యుల ఇళ్లలో చూసినవి దాదాపు అన్నీ ఇలాంటివే. ఒకరింట్లో దుకాణం వారు కొత్త బోర్డుకి ధర కూడా చెప్పేశారు. చూస్తే ప్రాసెసర్ పక్కన గుచ్చాల్సిన 4 పిన్నుల కరెంటు తీగ ఊరికే వేలాడుతోంది. గుచ్చగానే యంత్రం లేచింది.

కాబట్టి వరసగా చూడండి. ముందు గోడ ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ప్రతిసారీ ప్లగ్గు పీకాకే లోపల ముట్టుకోవాలి.

అసలేమీ కదలడం లేదా? పవర్ సప్లై వెనక ఉన్న చిన్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ పూర్తిగా దిగిందా? ముందున్న పవర్ బటన్ నుంచి వచ్చే రెండు పిన్నుల సన్న తీగ సరైన చోటే ఉందా? బోర్డు కింద స్క్రూ ఏదైనా జారిపడి ఉందా? అది తగిలి షార్ట్ అయినా యంత్రం లేవదు.

ఫ్యాను తిరుగుతోంది గానీ తెర నల్లగానే ఉందా? అయితే ముందు ర్యామ్ చూడండి. గోపాలపురం సముద్రపు గాలి మన ఊరికి దూరమేమీ కాదు. ఆ తేమకి ర్యామ్ అంచుల మీద మకిలి పడుతుంది. మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. రెండుంటే ఒక్కోటే పెట్టి చూడండి. ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నుల తీగ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ తీగ దానికే పెట్టాలి, బోర్డుకి కాదు.

మాడువాసన వచ్చినా, బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి కనిపించినా అక్కడే ఆగి తెలిసినవారికి చూపించండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది.

"కొత్తది కొనుక్కోక ఈ పాకులాట ఎందుకు?" అని కొందరు అడుగుతున్నారు. కొనుక్కోండి, కాదనం. కానీ మన పిల్లల్లో చాలామంది బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోదే. మామ్మలు పాడితే రికార్డు చేసుకున్న పెళ్లిపాటలు, తాతయ్యలు టైపు చేయించిన వంశవృక్షాలు, సంఘం పాత సంచికలు ఈ పెట్టెల్లోనే ఉన్నాయి. చాలా ఇళ్లలో వాటికి రెండో కాపీ లేదు.

ఇంకో చిక్కుంది. అప్పట్లో టైపు చేసినవి ఎక్కువగా అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కొత్త యంత్రంలో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. పాత యంత్రం ఒక్కసారి లేచినా చాలు, వాటిని పీడీఎఫ్‌గా మార్చి దాచుకోవచ్చు, ఆ ఫాంటు ఫైళ్లనీ కాపీ చేసుకోవచ్చు. అందుకే ఆ ఒక్కసారి కోసమైనా ప్రయత్నించమంటున్నాం.

బోర్డు నిజంగానే పోయినా, డిస్కు పోయినట్టు కాదు. దాన్ని ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి కలిపితే చాలాసార్లు అన్నీ చదువుకోవచ్చు. రిపేరుకి ఇచ్చినా, అమ్మేసినా డిస్కు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

మరొక్క మాట. ఈసారి విప్పేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. తీగలు పీకేముందు వాళ్ల చేతే ఫోన్‌లో ఫోటోలు తీయించండి. ఏది ఎక్కడ బిగించాలో తెలుగులోనే చెప్పండి. యంత్రం లేస్తే, తాతగారి ఫైలు ఒకటి తెరిచి వాళ్ల చేతే చదివించండి. చదవడం రాకపోతే మీరు చదివి వినిపించండి.