‘మంచిగుంది సార్’ దగ్గరే ఆగిపోతే ఎట్లా?

మొన్న కోరుట్లలో డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడితే నేనూ ఒక కుర్చీలో కూర్చున్నాను. ఒక తమ్ముడు రెజ్యూమెలో హాబీల దగ్గర ‘రీడింగ్ బుక్స్’ అని రాసుకొచ్చాడు. అందరూ రాసేదే. ‘ఈమధ్య ఏం చదివినవ్?’ అని అడిగా. కాసేపు నసిగి ‘విజయానికి ఐదు మెట్లు సార్’ అన్నాడు. ఒక్క మెట్టు గురించి చెప్పమంటే నేల చూపులు చూశాడు. ‘పర్లేదు, నిజంగా చదివిందే చెప్పు’ అన్నాక, గొంతు తగ్గించి ‘తులసిదళం సార్. రాత్రి రెండింటి దాకా చదివిన’ అన్నాడు. అప్పుడు మొహంలో వెలుగొచ్చింది. ‘ఎట్లుంది?’ ‘మస్తు మంచిగుంది సార్.’ ‘ఎందుకు?’

అంతే. అక్కడితో అయిపోయింది.

తమాషా ఏంటంటే ఆ రెండు పుస్తకాలూ రాసింది ఒక్కరే, యండమూరి వీరేంద్రనాథ్. ఒకదాన్ని బల్ల మీద కనపడేట్టు పెట్టుకుంటాం, ఇంకోదాన్ని దిండు కింద దాస్తాం. జగిత్యాల, సిరిసిల్ల గ్రంథాలయాల్లోనూ ఇదే వరస. రీడింగ్ హాల్లో కరెంట్ అఫైర్స్, అరిథ్‌మెటిక్ ముందేసుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా కుర్చీ దొరకనంత మంది. నవలలున్న బీరువా దగ్గర ఎవరూ ఉండరు. ఎవరైనా ఉంటే, పక్కవాడు ‘ఏందిరా, టైంపాసా?’ అంటాడు. ఇటు ఫోన్లో ప్రతిలిపిలో దయ్యాల సీరియళ్లు మాత్రం అర్ధరాత్రి దాకా నడుస్తూనే ఉంటాయి. అంటే మీరు చదువుతున్నారు. చదివినట్టు ఒప్పుకోవడానికే మొహమాటం.

మీరు చదివే హారర్, డిటెక్టివ్, మంత్రతంత్రాల నవలల గురించి సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ వాటి మీద మీకంటూ ఒక అభిప్రాయం లేకపోతే మాత్రం ఇబ్బందే. గ్రూప్-1, గ్రూప్-2కు 2022లో ఇంటర్వ్యూలు తీసేశారు కదా అంటారేమో. బ్యాంకు పీఓకి ఉంది. కంపెనీల్లో హెచ్‌ఆర్ రౌండ్ ఉంది, గ్రూప్ డిస్కషన్ ఉంది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులున్నాయి. ఒక విషయం మీద నువ్వేమనుకుంటున్నావు, ఎందుకనుకుంటున్నావు అన్నదే వీటన్నిటిలోనూ అటు తిప్పి ఇటు తిప్పి అడుగుతారు. ఆ అలవాటు కరెంట్ అఫైర్స్ బిట్లతో రాదు. మిమ్మల్ని రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టిన పుస్తకంతో వస్తుంది.

తులసిదళాన్నే తీసుకుందాం. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. రాసిన మనిషి చార్టర్డ్ అకౌంటెంట్. అప్పట్లో వారం వారం పత్రిక కోసం ఎదురుచూసి చదివినవాళ్లు ఇప్పుడు మీ అమ్మానాన్నల వయసులోనో, అంతకన్నా పైనో ఉంటారు. ఇంట్లో అడిగి చూడండి, అప్పటి కబుర్లు చాలా చెప్తారు. పసిపాప మీద ప్రయోగం జరుగుతుంది. ఒకపక్క వైద్యం, ఇంకోపక్క మంత్రం. రెండిట్లో ఏది నిజమో తేలకుండా నడుస్తుంది కథ. పేజీ తిప్పకుండా ఉండలేని పట్టు అక్కడే ఉంది. ఇది నా అభిప్రాయం.

ఆ నవలంటే మండిపడ్డవాళ్లూ ఉన్నారు. రంగనాయకమ్మ గారు ఏకంగా ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. చేతబడి నిజమేమో అన్న అనుమానాన్ని జనం బుర్రల్లోకి ఎక్కించే రచన మత్తుమందు లాంటిదని ఆమె వాదన. ‘నాకు నచ్చలేదు’ అని ఊరుకోలేదు చూడండి. ఎందుకు నచ్చలేదో ఒక పుస్తకమంత చెప్పారు. ఆమెతో మీరు ఏకీభవించక్కర్లేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒకే నవల మీద ఇద్దరు మనుషులు ఎంత గట్టిగా విభేదించవచ్చో తెలుస్తుంది. గ్రూప్ డిస్కషన్‌కు ఇంతకన్నా మంచి కోచింగ్ నాకైతే తెలియదు. ఫీజు కూడా లేదు.

ఇందులో మనవైపు వాళ్లకు మాత్రమే తగిలే సంగతి ఇంకొకటుంది. హైదరాబాద్‌లో కూర్చుని చదివినవాడికి చేతబడి అన్నది కథ. మనకు కాదు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ, ఇద్దరు కొడుకుల్నీ పొడిచి చంపారు. పేపర్లో మీరూ చదివే ఉంటారు. మీ వాడకట్టులోనే ఎవరో ఒక ముసలామె ఇంటి ముందు నుంచి పోవద్దని చిన్నప్పుడు మీకూ చెప్పి ఉంటారు. పశువు చచ్చిపోయినా, పిల్లకు జ్వరం తగ్గకపోయినా ‘బాణామతి’ అన్న మాట మన దగ్గర ఇంకా వినిపిస్తూనే ఉంది. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్‌ను 2013లో కాల్చి చంపాక, అదే ఏడాది మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చారు. అంత దాకా పోయింది వ్యవహారం.

కాబట్టి జగిత్యాల పిల్లవాడు తులసిదళం చదివితే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. భయపడ్డావు, బాగానే ఉంది. పుస్తకం మూశాక ఆ భయం ఎవరి మీదికి పోయింది? ‘విరూపాక్ష’, ‘మా ఊరి పొలిమేర’ సినిమాలు చూసి ఈల వేసినవాళ్లకూ ఇదే ప్రశ్న. నేనూ ఈల వేశాను, దాచను. ఇంటికొచ్చాక మాత్రం కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

అలాగని దయ్యాల కథలు మానేయమని చెప్పట్లేదు. భయాన్ని ఇంకోలా వాడుకున్న నవలా ఉంది. షెర్లాక్ హోమ్స్ కథల్లో ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ 1902లో పుస్తకంగా వచ్చింది. ఒక వంశాన్ని నిప్పులు కక్కే దయ్యపు కుక్క వెంటాడుతుందని ఊరంతా నమ్ముతుంది. మధ్యదాకా మనమూ నమ్ముతాం. ముగింపు చెప్పకూడదు గానీ, నూరేళ్లు దాటిపోయింది కాబట్టి చెప్పేస్తున్నా. అది మామూలు కుక్క, మూతికి భాస్వరం పూశారు. పూసింది ఆస్తి కోసం. దయ్యం పేరు చెప్పి లాభపడేది ఎవరు అని వెతకడమే అక్కడ డిటెక్టివ్ పని. ఈ ప్రశ్న పట్టుకుని మన ఊళ్లలో బాణామతి గొడవల్ని చూడండి. భూమి తగాదానో, పాత పగో ఏదైనా ఉందేమో ముందు అడగాలనిపిస్తుంది.

డిటెక్టివ్ నవలల్లో నాకు బాగా నచ్చేది ఈ గుణమే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ అయినా, అగాథా క్రిస్టీ అయినా సాక్ష్యం మన కళ్లముందే పెడతారు, మనమే చూడం. క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. విషాల గురించి అంత ధీమాగా రాయడానికి ఆ అనుభవం పనికొచ్చింది. 1926లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ ముగింపు చదివి కొందరు పాఠకులు మోసం చేసిందన్నారు, కొందరు శభాష్ అన్నారు. ఈ ముగింపు మాత్రం చెప్పను. చదివి మీరు ఏ పక్షమో తేల్చుకోండి. తేల్చుకున్నాక వెనక్కి పోయి, ఏ పేజీలో మోసపోయారో వెతకండి.

ఫాంటసీ అనగానే ఇంగ్లిష్ నవలల వైపే చూస్తారు మీరంతా. సిరిసిల్ల పక్కనే, వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో మిద్దె రాములు ఒగ్గుకథ చెప్పేవారు. దేవతలు, గొల్లలు, మల్లన్న పెండ్లి... ఇవన్నీ డోలు దెబ్బల మధ్య నడిచేవి. అదే ఊరివాడు సినారె, జ్ఞానపీఠం అందుకున్న కవి. ఇక అచ్చులో అయితే చందమామ సీరియళ్లు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి మకరదేవత, రాకాసిలోయ, భల్లూక మాంత్రికుడు దాకా ఏళ్ల తరబడి వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. ఎవరు రాశారో తెలియకుండానే తరాలు చదివాయి. వాక్యం ఎంత సులువుగా ఉంటుందంటే, తెలుగు రాయడం మర్చిపోయామనే ఇంజినీరింగ్ పిల్లలకు నేను ముందు ఇవే చదవమంటాను. ఒక చిన్న ఫిర్యాదు కూడా ఉంది. ఆడపిల్లలకు వాటిల్లో పెద్దగా పని ఉండదు. సిరిసిల్లలో ఒక చెల్లె ఈ మాట నాతో అనేదాకా నేను గమనించనే లేదు. బీటెక్ రెండో ఏడాది. వాళ్ల నాన్న మరమగ్గం మీద రాత్రి షిఫ్టు చేస్తాడట. ఆయన వచ్చేదాకా మేలుకోవడానికి ఈ సీరియళ్లు చదివేదట.

మరి అభిప్రాయం ఎట్లా తయారవుతుంది? నేను చేసేది చెప్తా. నవల అయిపోగానే నోట్‌బుక్‌లో ఐదారు వాక్యాలు రాస్తాను. ఎక్కడ మూయలేకపోయాను, ఎక్కడ నమ్మలేకపోయాను. పేజీ నంబరు కూడా వేస్తాను. కథ మొత్తం రాయను, అది గూగుల్లో ఉంటుంది. ఆ రెండు జాగాలు మాత్రం నావే, ఇంకెక్కడా దొరకవు. మర్నాడు ఒక స్నేహితుడికి రెండు నిమిషాల్లో నోటితో చెప్తాను. వాడు ‘కాదు’ అంటే ఇంకా మంచిది.

కోరుట్ల తమ్ముడికి అదే చెప్పి పంపా. రెండు వారాల తర్వాత మళ్లీ కూర్చున్నాం, ఈసారి జగిత్యాలలో. హాబీల దగ్గర ‘హారర్ నవలలు’ అని స్పష్టంగా రాసుకొచ్చాడు. పక్కనున్న ప్యానెల్ సార్ నవ్వాపుకుంటూ ‘అవేం చదువుతవయ్యా?’ అన్నారు. వీడు తడబడలేదు. ‘తులసిదళం నన్ను భయపెట్టింది సార్. కానీ చదివినంక మా వాడకట్టుల ఒక అవ్వ గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు మేం ఆమె ఇంటి మీద రాళ్లేసినం. రచయిత చివరిదాకా ఏదీ తేల్చకపోవుడు కథకు మంచిగనే ఉంది, మాలాంటి ఊళ్లకు మాత్రం మంచిది కాదనిపించింది’ అన్నాడు.

సార్ పెన్ను కింద పెట్టి, ‘ఆ అవ్వ ఇప్పుడెక్కడుంది?’ అని అడిగారు.