డీజిల్ రేటు సరే, కరెంటు స్తంభం సంగతేంటి?

డీజిల్ పెరిగిన ప్రతిసారీ టీవీలో లారీల వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు కనపడతారు. వాగు ఒడ్డున ఆయిల్ ఇంజను పెట్టుకుని ఎకరం, రెండెకరాలు తడుపుకునే కొండరెడ్డి రైతు, కోయ రైతు ఎక్కడా కనపడడు. అందుకే మిత్రులారా, ఈ నాలుగు మాటలు.

రంపచోడవరం ఏజెన్సీలో మా నాన్నకి ఎకరంన్నర ఉంది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. పక్కనే వాగు. ఇంజను మూడు ఇళ్లకి ఉమ్మడిది, గంట ఆడితే దాదాపు లీటరు తాగుద్ది. చేను ఒకసారి తడవాలంటే పది పన్నెండు గంటలు ఆడాలి. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో లీటరు 100 దాటినప్పుడు ఒక్క తడికే వెయ్యి రూపాయల పైన పోయింది. తర్వాత కొంచెం దిగినా వంద చుట్టూనే తిరిగింది. బంకు చూస్తే చాలా దూరం. క్యాన్లో పొయ్యమంటే బతిమాలాలి. పోయొచ్చే బండి పెట్రోలు ఏ ఖాతాలో రాయాలి?

సర్దుకోవడం మనకి కొత్త కాదు. రెండో పంట వరి మానేసి నువ్వులు చల్లుతున్నాం, తక్కువ తడుల్లో గట్టెక్కుద్ది. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఎద్దుల్ని అమ్మేసి ట్రాక్టరు బాడుగకి పెట్టుకుందామని నాన్నతో వాదించాను. ఆయన వినలేదు. ఇవాళ దుక్కికి చేతి డబ్బు పెట్టని ఇల్లు మాదే. నా డిగ్రీ గురించి ఇంట్లో ఇంకా నవ్వుకుంటారు.

కానీ ఎంతకని సర్దుకుంటాం? దిగువన 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యాన డెల్టాకి కాలవ నీరు దానంతటదే పారుతుంది. బోరున్న మెట్ట రైతుకి 2004 నుంచి ఉచిత కరెంటు. వాళ్ల మీద మనకి కోపం లేదు, దమ్ముకీ కోతకీ వాళ్లూ డీజిల్ కొనేవాళ్లే. పోలవరం పక్కన పట్టిసీమలో 24 మోటార్లతో గోదావరిని కృష్ణాకి ఎత్తిపోస్తున్నారు, అదీ కరెంటుతోనే. ఆ నది మన కొండల మధ్య నుంచే పోతుంది. మన వాగుకి మాత్రం ఆయిల్ ఇంజను! ఆ డీజిల్ మీద రాష్ట్రం 22.25 శాతం వ్యాటు, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి వేస్తూ వచ్చింది. చేను గట్టు దాటని ఇంజనుకి రోడ్డు సెస్సేంటో!

లైను అడిగితే ‘ఫారెస్టు భూమి, పర్మిషన్ రాదు’ అంటారు. మనం నమ్మి తిరిగొచ్చేస్తాం. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. బడి, రోడ్డు, చిన్న కాలవలతో పాటు కరెంటు లైన్లు కూడా అందులో ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే అటవీ భూమి ఇవ్వొచ్చు. ఆ సిఫారసు మన చేతిలోదే.

సోలార్ పంపు పెట్టుకోమని కొందరంటారు. మంచిదే. పీఎం కుసుమ్‌లో కేంద్రం 30, రాష్ట్రం 30 శాతం పోను రైతు వాటా 40 శాతం. అప్పుకెళ్తే బ్యాంకు తాకట్టు అడుగుద్ది. మన పట్టా అమ్మడానికి, బదిలీ చేయడానికి కుదరదు. ఆ నిబంధన ఉండబట్టే భూమి ఇంకా మన చేతుల్లో ఉంది, దాన్ని తీసెయ్యమని మనం అడగం. ఏజెన్సీలో ఆ 40 శాతం ప్రభుత్వమే కట్టాలని అడుగుదాం.

మా ఊళ్లో లైను కోసం తీర్మానం రాశాం. ఎన్ని స్తంభాలు, ఎంత దూరం, ఎన్ని చెట్లు అడ్డమొస్తాయి, అన్నీ కొలిచి రాశాం. మూడు చెట్లే వచ్చాయి. వచ్చే గ్రామసభలో పెడుతున్నాం. నమూనా కావాల్సిన వాళ్లు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. కొలవడానికి టేపు, ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు.