ఒక యాత్ర – అయిదు ప్రయాణాలు



“సంగీతం కాగితం మీద ఒకే తీరుగా రాసిపెట్టి ఉన్నప్పుడు, దాన్ని వేర్వేరువాళ్లు వాయించిన రికార్డులన్నీ ఎందుకు కూర్చుకోవాలి? ఒక్కటి చాలదా?” అని ఒక సహోదరి ఉత్తరం రాశారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒక్క మాట. ఒకే కీర్తనను మన చొప్పదండిలో ఒక నడకతో పాడతాం, కరీంనగరం వెళ్తే అదే కీర్తన ఇంకో నడకలో వినబడుతుంది. మాటలు అవే, రాగం అదే. అయినా ఒకచోట కళ్లు చెమరుస్తాయి, ఇంకోచోట పాట అయిపోతే చాలనిపిస్తుంది. పెద్ద వాద్యబృందాల సంగతీ ఇంతే.

ఈ నెల మాకు బాగా ఇష్టమైన ఒక ఇంగ్లీషు సింఫనీ గురించి చెప్పుకుందాం. అది రాల్ఫ్ వాన్ విలియమ్స్ రాసిన అయిదవ సింఫనీ. ఆ పేరు కొత్తగా అనిపించవచ్చు గాని, దాని వెనకనున్న పుస్తకం మనలో చాలా ఇళ్లలో ఉంది. అదే ‘యాత్రికుని ప్రయాణము’.

వాన్ విలియమ్స్ 1872లో ఒక పాదిరిగారి కుమారుడుగా పుట్టాడు. మూడేళ్లు నిండకుండానే తండ్రిని పోగొట్టుకున్నాడు. 1906లో వచ్చిన ‘ఇంగ్లీష్ హిమ్నల్’ అనే కీర్తనల పుస్తకానికి సంగీత సంపాదకుడు ఈయనే. పల్లెల్లో కూలినాలి చేసుకునేవారు పాడుకునే పాటలను విని రాసుకుని, ఆ రాగాలను గుడిలోకి తెచ్చాడు. ఇంత చేసినా తాను స్థిరమైన విశ్వాసినని ఆయన చెప్పుకోలేదు. కాని బన్యన్ పుస్తకం మాత్రం ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. దాన్ని సంగీత నాటకంగా మలచాలని ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. అది పూర్తికాదేమోనన్న దిగులుతో అందులోని కొన్ని రాగాలను తీసి ఈ సింఫనీలో పెట్టాడు. చివరకు ఆ నాటకమూ 1951లో లండనులో ప్రదర్శింపబడింది.

సింఫనీని మొదటిసారి 1943 జూన్ 24న లండనులో ఆల్బర్ట్ హాలులో వాయించారు. యుద్ధం నడుస్తున్న కాలం. డెబ్బయ్యేళ్లవాడు స్వయంగా నిలబడి నడిపించాడు. ఆ రోజుల్లో అంత ప్రశాంతమైన సంగీతం ఎవరూ ఎదురుచూడలేదు.

ఇందులో నాలుగు భాగాలున్నాయి. అన్నీ కలిపి సుమారు నలభై నిమిషాలు. మొదట దూరంనుంచి హారన్‌ల పిలుపు వినిపిస్తుంది. కింద చెల్లోలు, డబుల్ బేసులు పట్టుకున్న స్వరం ఆ పిలుపుతో పూర్తిగా కలవదు. పాడేవారు ఒక శ్రుతిలో, హార్మోనియం ఇంకో శ్రుతిలో ఉన్నట్టు. ఇల్లు విడిచి బయలుదేరినవాని మనస్సు అలాగే కదా ఉంటుంది! రెండవది గబగబా సాగే చిన్న భాగం. మూడవది ‘రొమాంజా’, ఈ సింఫనీకి గుండెకాయ. తంత్రీవాద్యాలు మెల్లగా పరచిన దారిమీద కోర్ ఆంగ్లే అనే వాద్యం ఒంటరిగా పాడుతుంది. మన సన్నాయిలాగే రెండు పలకల రెల్లుతో ఊదేదే గాని, గొంతు లోతు. చేతిరాత ప్రతిలో ఈ భాగానికి పైన బన్యన్ మాటలు రాసుకున్నాడు. యాత్రికుడు సిలువ దగ్గరికి, దాని దిగువనున్న సమాధి దగ్గరికి వచ్చే ఘట్టమది. అచ్చులో ఆ మాటలు తీసేశాడు. నాలుగవ భాగంలో మొదటి పిలుపు తిరిగి వచ్చి, చివరకు శ్రుతి కలిసి, అంతా నెమ్మదిలో ముగుస్తుంది.

ఇక రికార్డుల మాట.

మా దగ్గరికి మొదట వచ్చింది ఆడ్రియన్ బౌల్ట్ 1969లో లండన్ ఫిల్హార్మోనిక్ బృందంతో చేసినది. బౌల్ట్ ఎక్కడా ఆర్భాటం చేయడు. పెద్దమనిషి వాక్యం చదివినట్టు ఉంటుంది. ఏ మాటనూ ఒత్తడు, ఏ మాటనూ మింగడు. ఈయనే 1953లో చేసిన రికార్డు కూడా ఉంది. అప్పుడు స్వరకర్త స్వయంగా వచ్చి కూర్చున్నాడు. దానిలో నడకకు బిగువు ఎక్కువ, ధ్వని మాత్రం పాతది.

ఆంద్రే ప్రెవిన్ 1971లో లండన్ సింఫనీ బృందంతో చేసినది ఇంకో రకం. చాలా నిదానం. ప్రతి మలుపులో ఆగి చుట్టూ చూస్తాడు. మెత్తని వాయింపు వినాలంటే ఇది సాటిలేనిది. అయితే యాత్రికుడు నడవడం మరచి చెట్టుకింద కూర్చున్నాడేమో అని ఒక్కొక్కసారి అనిపిస్తుంది. వెర్నన్ హ్యాండ్లీ 1986లో లివర్‌పూల్ బృందంతో చేసినది నడక, మెత్తదనం రెండూ సరిగా తూచినట్టుంటుంది. కొత్తగా వినేవారికి మేము మొదట చెప్పేది ఇదే.

జాన్ బార్బిరోలి రెండుసార్లు రికార్డు చేశాడు. 1962లో ఫిల్హార్మోనియా బృందంతో చేసినది నిండుగా, వెచ్చగా ఉంటుంది. 1944లో మాంచెస్టరులో హాలే బృందంతో చేసినదే ఈ సింఫనీకి మొట్టమొదటి రికార్డు. అంతకు ముందు ఏడే ఆయన అమెరికానుంచి తిరిగివచ్చాడు. చూస్తే బృందంలో మిగిలినవారు నలభైమంది కూడా లేరు. దొరికినవారిని, బడిపిల్లలను సైతం చేర్చుకుని కొద్ది వారాల్లో నిలబెట్టాడు. ఆనాటి రికార్డుకు ఒక్కోవైపు నాలుగైదు నిమిషాలే పట్టేది. కాబట్టి ముక్కలు ముక్కలుగా వాయించాలి. ధ్వని సన్నం, గరగర ఎక్కువ. ఇది చరిత్రకే గాని వినడానికి కాదని చాలాకాలం తీర్పు చెప్పి పక్కన పెట్టాము.

ఆ తీర్పు మార్చింది మా బాపు.

1996లో బాపు మంచం పట్టాడు. బడిపంతులుగా పనిచేసినవాడు. మా చిన్నప్పుడు రాత్రిళ్లు దీపం దగ్గర కూర్చోబెట్టుకుని యాత్రికుని కథ చదివి వినిపించేవాడు. ఇంగ్లీషు సంగీతమంటే మాత్రం సరిపడేది కాదు. “గా సప్పుడు బంద్ చెయ్ బిడ్డా” అనేవాడు. ఒక సాయంకాలం సంగతి చెప్పాము. “ఇది మన యాత్రికుని పాటే బాపూ, సిలువకాడ మూట జారిపడ్డ చోటు” అన్నాము. “అట్లనా? ఏదీ, పెట్టు” అన్నాడు.

ముందు ప్రెవిన్‌ది పెట్టాము. అయిపోయాక “మంచిగనే ఉంది. కని ఈయనకు మూట బరువు తెల్వదు” అన్నాడు. బౌల్ట్‌ది విని తలూపాడు. ఆఖరున, తేడా చూపుదామని, మిత్రుడు క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చిన 1944 నాటిది పెట్టాము.

“గీ గరగర ఏంది బిడ్డా, వాన పడుతుందా?”

“వాన కాదు బాపూ, పాత రికార్డు. యుద్ధంల చేసింది.”

కళ్లు మూసుకుని కడదాకా విన్నాడు. సగంలో కరెంటు పోతే, వచ్చేదాకా మాట్లాడకుండా ఆగి, మళ్లీ మొదటినుంచి పెట్టించుకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: “ఇదే మంచిగుంది. మూట దింపిండు గని వాన ఆగలె. వానలనే నడుస్తుండు.”

మేము ఏళ్ల తరబడి ధ్వని స్వచ్ఛత గురించి, వేగం గురించి వాదించుకున్నాము. నొప్పితో ఉన్న మనిషికి అవేవీ అడ్డం కాలేదు. బాంబుల భయంలో బతుకుతూ వాయించినవారు ఏమి వాయించారో ఆయనకు తెలిసింది. విశ్వసించినంత మాత్రాన వాన ఆగదని ఆయన మాకు చెప్పకనే చెప్పాడు. మరుసటి ఏడు బాపు ప్రభువునందు నిద్రించాడు. ఆ చివరి వారాల్లో అడిగి పెట్టించుకున్నది ఆ గరగరల క్యాసెట్టే.

ఆయన వినలేకపోయిన రికార్డు ఇంకొకటి ఉంది. 1952 సెప్టెంబరులో, ఎనభయ్యో పుట్టినరోజుకు నెల ముందు, వాన్ విలియమ్స్ తానే నడిపించిన కచేరీ. అది డిస్కుగా 2007లో వచ్చింది. రాసినవాడే గదా, రొమాంజాలో ఎంత కరిగిపోతాడో అనుకున్నాము. ఆయన కరగలేదు. ఎక్కడా నిలవకుండా నడిచాడు. బాపు ఉంటే సంతోషించేవాడు.

కాబట్టి సహోదరీ, మీ ప్రశ్నకు మా జవాబు ఇది. ఒక్క రికార్డే కావాలంటే హ్యాండ్లీది తీసుకోండి. ఈ రోజుల్లో ఫోనులోనే ఇవన్నీ దొరుకుతున్నాయి. కాని ఒకటి బాగా అలవాటయ్యాక రెండవది వినండి. రొమాంజా ఒక్కటే తీసుకుని ఒకదాని తరువాత ఒకటి పెట్టండి. పక్కన ఇంట్లోని పెద్దలను కూర్చోబెట్టుకోండి. సంగీతం తెలియదని వారు అంటారు. ఆ మాట నమ్మకండి. బరువు మోసినవారి చెవి వేరు.