రెండు పడవల ప్రయాణం

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏ ఒడ్డూ చేరడని పెద్దలంటారు. తరగతి గదిలో మేము కూడా ఈ మాటను అనేక పర్యాయాలు చెప్పినవారమే. అయితే ఇది అందరి విషయంలోనూ సత్యమేనా అన్న సందేహం ఈ మధ్య మాకు కలిగింది. అందుకు కారణం ఒక ఆంగ్లేయ సంగీతకారుని జీవితం. ఆయన పేరు జానీ గ్రీన్‌వుడ్. రేడియోహెడ్ అనే రాక్ బృందంలో గిటార్ వాద్యకారుడుగా ఒక తరం యువకులకు ఆయన పరిచితుడు. గంభీరమైన చలనచిత్రాలకు సంగీతం సమకూర్చిన స్వరకర్తగా మరొక వర్గం రసికులకు ఆయన ఆదరణీయుడు. ఈ ఇరువర్గాల వారు ఎరిగిన వ్యక్తి ఒక్కరే కావడం ఆలోచించదగిన విషయం.

1971లో ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించిన గ్రీన్‌వుడ్ బాల్యంలో వయోలా అభ్యసించి, యువజన వాద్యబృందంలో పాల్గొన్నాడు. అబింగ్డన్ పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు 1985లో ఒక సంగీత బృందాన్ని నెలకొల్పారు. ఆయన అన్న కాలిన్ వారిలో ఒకడు. అందరికంటె చిన్నవాడైన జానీ చివరగా అందులో చేరాడు. 1991లో ఆ బృందానికి ఇ.ఎం.ఐ. రికార్డుల సంస్థతో ఒప్పందం కుదరగానే కళాశాల చదువు మానివేశాడు. విద్యార్థులు ఈ ఒక్క విషయాన్ని మాత్రం ఆదర్శంగా గ్రహించరాదని మా మనవి!

1997 నాటి 'ఓకే కంప్యూటర్' రికార్డుతో బృందం కీర్తి శిఖరాన్ని అందుకున్నది. వచ్చిన పేరును నిలుపుకోవడానికి అదే బాణీని మళ్ళీ మళ్ళీ వాయించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని 2000లో వెలువడిన 'కిడ్ ఏ'లో గిటార్ వెనుకకు తగ్గింది. గ్రీన్‌వుడ్ 'ఓండ్ మార్టెనో' అనే అరుదైన విద్యుత్ వాద్యాన్ని చేపట్టాడు. అది 1928లో ఫ్రాన్సులో లోకానికి పరిచయమైనది. మనిషి గొంతువలె ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారగల శక్తి దానికున్నది. ఫ్రెంచి స్వరకర్త మెస్సియాఁ రచనలో దాని నాదం బాల్యంలోనే ఆయనను ఆకర్షించింది. ఆ బాల్యపు ఆకర్షణ ఏళ్ళ తరువాత ఇలా ఫలించింది.

2003లో 'బాడీసాంగ్' చిత్రంతో ఆయన చలనచిత్ర సంగీతంలో అడుగుపెట్టాడు. మరుసటి సంవత్సరం బి.బి.సి. వారి వాద్యబృందానికి ఆస్థాన స్వరకర్త అయ్యాడు. 2007లో పాల్ థామస్ ఆండర్సన్ దర్శకత్వంలో వచ్చిన 'దేర్ విల్ బి బ్లడ్' ఆయన ప్రతిభకు గీటురాయి. ఆ చిత్రం ఆరంభంలో దాదాపు పావుగంటసేపు సంభాషణ లేదనే చెప్పవచ్చు. ఎడారి నేలను చూపుతూండగా తీగవాద్యాలన్నీ కలిసి ఒక్కుమ్మడిగా జారుతూ పైకి లేచే నాదం ప్రేక్షకుని గుండెలో భయాన్ని నింపుతుంది. పోలండు దేశపు స్వరకర్త పెండెరెట్స్కీ నుండి నేర్చిన విద్య అది. అందులో కొంత భాగం చిత్రానికి ముందే రచించబడినదన్న కారణంగా ఆ సంగీతం ఆస్కారు పోటీకి అనర్హమైనది. ఆయన విసుగు చెందక పని సాగించాడు. తరువాత 'ఫాంటమ్ థ్రెడ్'కు 2018లోను, 'ది పవర్ ఆఫ్ ది డాగ్'కు 2022లోను ఆస్కారు నామినేషన్ లభించింది. ఈ రెండవ చిత్రంలో చెల్లో వాద్యాన్ని కమానుతో గాక బాంజోవలె వేళ్ళతో మీటి, పరిచితమైన వాద్యం నుండి అపరిచితమైన నాదాన్ని రాబట్టాడు.

మన పాఠకులకు మరింత దగ్గరి విషయం ఒకటున్నది. 2015లో వెలువడిన 'జునూన్' రికార్డు కోసం ఆయన జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటకు వచ్చాడు. ఇస్రాయేలు దేశీయుడై ఉండి ఖవ్వాలీలు కూర్చే షై బెన్ త్సూర్, రాజస్థానీ ఖవ్వాలులు, మాంగణియార్ గాయకులు, బాకాలూదే బ్యాండు కళాకారులు అందులో పాల్గొన్నారు. పాటలు ఉర్దూ, హిందీ, హీబ్రూ భాషలలో ఉన్నవి. అంతటి ఖ్యాతి గల గిటార్ కళాకారుడు అక్కడ తాను ముందు నిలువలేదు. పదిమందిలో ఒకడుగా నేలపై కూర్చుని వాయించాడు.

ఇక మొదటి సామెతకు వద్దాము. ఈత రానివానికి ఒక పడవయే గండం; రెండు పడవల సంగతి చెప్పనక్కరలేదు. గ్రీన్‌వుడ్ ఒక విద్యలో దీర్ఘకాలం శ్రమించి, ఆ తరువాతనే రెండవదాని వద్దకు వెళ్ళాడు. వెళ్ళినప్పుడు యజమానిగా కాక శిష్యుడుగా వెళ్ళాడు. ఆయనది సంపన్న దేశం, ఆయనకు కలిగిన అవకాశాలు మన పిల్లలకు ఎక్కడివని కొందరు ప్రశ్నించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కాని ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా ఏ సంపన్న దేశానికి చెందినవారు? ముస్లిం కుటుంబంలో పుట్టి, నాదస్వరంపై త్యాగరాజ కీర్తనలు పలికించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదం పొందారు. ఇళయరాజా సైతం ఇతరుల పాటలకు గిటార్ వాయిస్తూ స్వరకర్తగా ఎదిగినవారే. సంగీతం విషయమై మన పెద్దలలో భిన్నాభిప్రాయాలున్నవని మేమెరుగుదుము. ఆ చర్చ మా ఉద్దేశం కాదు. సంగీతం మాకిక్కడ ఒక దృష్టాంతం మాత్రమే. మా ఆవేదన అంతా మన విద్యార్థుల గురించి.

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు - ఇది మన విద్యార్థి స్థితి. దీనిని లోపంగా భావించి "నీవు ఏ భాషకూ చెందవు" అని అతనిని చిన్నబుచ్చేవారు రెండు వైపులా ఉన్నారు. అది లోపం కాదు, పెట్టుబడి అని మేము భావిస్తున్నాము. కాని ఏదో ఒక భాషనైనా గట్టిగా పట్టుకొననిదే ఆ పెట్టుబడి ఫలించదు.

కమిటీ వారికి మా విన్నపం స్వల్పమైనది. ముషాయిరాను, కవి సమ్మేళనాన్ని ఇకనైనా ఒకే వేదికపై, ఒకే సాయంకాలం జరిపించండి. ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఉర్దూకు అనువదించే విద్యార్థికి ఏటా ఒక బహుమతి నెలకొల్పండి. ఇందుకయ్యే వ్యయం క్రీడా దినోత్సవ పందిరి ఖర్చును మించదు.

ఈ సంచికనే చూడండి. ఉర్దూ విభాగం కుడి నుండి, తెలుగు విభాగం ఎడమ నుండి ఆరంభమై మధ్యలో కలుస్తాయి. ఆ మధ్య పుటను దాటి అవతలి వైపు చదివేవారు ఎందరు? వచ్చే సంవత్సరం ఆ సంఖ్య పెరిగితే ఈ వ్యాసం వ్రాసిన శ్రమ వృథా కాలేదని సంతోషిస్తాము.