శుశ్రూష

శుశ్రూష యనగానే మనకు రోగి మంచము, మందుసీసా, పరిచారిక జ్ఞప్తికి వచ్చును. సేవ యనియే నేడు దాని కర్థము. కాని ఆ పదమునకు మూలార్థము ‘వినవలెనను కోరిక’. శ్రుతి, శ్రవణము, శ్రోత యను మాటలు పుట్టిన ధాతువునుండియే శుశ్రూషయు పుట్టినది. గురువు మాట వినగోరిన శిష్యుడు గురుని చెంత నిలిచి సేవించుటచే, క్రమముగా ఆ కోరికయే సేవ యైనది. పదము నడచిన ఈ త్రోవలో ఒక సత్యమున్నది. ఎదుటివాని మాట వినగోరక చేసిన సేవ యెంతటిదైనను సగమే.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున బుద్ధిగుణములను చెప్పుచు మొదట శుశ్రూషను, పిమ్మట శ్రవణమును పేర్కొనెను. రెండును ఒకటే యైనచో వేరుగ చెప్పనేల? చెవి యున్నవానికి శబ్దము వినబడును. వినవలెనను కోరిక మాత్రము సాధనచే రావలెను.

ఆ సాధనకు అడ్డము మన లోపలి రొద. ఎదుటివాడు మాటాడుచుండగనే మనము ప్రత్యుత్తరమును కూర్చుకొనుచుందుము. బాలుడు ‘నాకు లెక్కలు రావు’ అనగనే ‘చదివినగదా వచ్చుట’ యను మాట మన నాలుకపై సిద్ధముగ నుండును. ఆ తొందర వాని మాటనుండి పుట్టినది కాదు. మన అలసటనుండి, భయమునుండి, మన మాటయే చెల్లవలెనను పట్టుదలనుండి పుట్టినది. గాంధీమహాత్ముడు సోమవారములందు మౌనము పాటించెడివాడు. అంతటి కార్యభారము గలవానికే ఆ విరామము దొరకినది. మనకు నిద్రకు ముందు పది నిమిషములు దొరకవా? ‘నేడు ఎవరి మాటను నడుమ త్రుంచితిని? ఏల త్రుంచితిని?’ అను రెండు ప్రశ్నలు చాలును. కారణము తెలిసిన కోపమునకు బలము తగ్గును. రొద తగ్గిన మనస్సున పరుని మాటకు చోటు కలుగును. మనశ్శాంతికిని, పరులతోడి మైత్రికిని వాకిలి ఒక్కటియే.

భగవద్గీతను ఉపదేశగ్రంథమందుము. కాని మొదటి అధ్యాయమున కృష్ణుడు పలికినది, కూడియున్న కౌరవులను చూడుమనుట యొక్కటియే. రెండవ అధ్యాయారంభమున రెండు శ్లోకములలో మందలించెను. ఆ మందలింపుతో అర్జునుని దుఃఖము తీరలేదు. అతడు మరల తన వేదన నంతయు చెప్పుకొని మౌనము వహించెను. 11వ శ్లోకమునగాని బోధ మొదలు కాలేదు. భగవంతుడే అంతవరకు వినగా, ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును అంత తొందర యేల?

ఇది వేదాంతచర్చ మాత్రమే కాదు. 2019లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మార్కుల నమోదులోని తప్పులపై విచారణ జరిగినది, జరుగవలసినదే. కాని మార్కుల జాబితా సరియైనంత మాత్రమున పిల్లవాని మనస్సులోని మాట వినువారు దొరకినట్లు కాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ‘టెలీ మానస్’ పేరిట 14416 అను ఫోను సంఖ్యను ఏర్పరచినది. ఎవరైనను ఆ సంఖ్యకు తమ మనోవేదన చెప్పుకొనవచ్చును. ప్రతి పాఠశాల గోడపైనను ఆ సంఖ్య యుండవలెను. అయినను తెలియని గొంతుకకు చెప్పుకొనదగిన మాట, ఎదుట నున్న గురువుతో చెప్పుకొనలేకపోవుట మనము ఆలోచింపవలసిన విషయము.

పాఠ్యప్రణాళిక ముగియవలెను, సమయమెక్కడిదని కొందరందురు. వారి కష్టము నిజమే. కాని వినుటకు కావలసినది గంటలు కాదు. బడి విడిచిన పిదప అయిదు నిమిషములు, తీర్పు చెప్పని ముఖము, ‘ఊఁ, తరువాత?’ అను ఒక్క మాట. కథ చెప్పు అవ్వకు ఊకొట్టు మనుమడు ఎంత ఆసరాయో, కష్టము చెప్పుకొను పిల్లవానికి ఊకొట్టు పెద్ద అంత ఆసరా. వినుట యనగా ఒప్పుకొనుట కాదు; తప్పును తప్పనుటకు తరువాత అవకాశమున్నది. విద్యార్థులును తోటివాని మౌనమును కనిపెట్టి, వాని ప్రక్కన కూర్చుండ నేర్వవలెను.

మన తరగతులలో శుశ్రూష యను పదమునకు అర్థము వ్రాయించునపుడు, ‘సేవ’ యని మాత్రమే వ్రాయింపక, దానికి ముందు ‘వినగోరుట’ యనియు వ్రాయింతము.