వరికుప్పల వెలుగు

పుట్టి పెరిగిన ఊరివారు గమనింపని విశేషములను క్రొత్తగా వచ్చినవాడు గమనించుట లోకమున తరచుగా చూచుచుందుము. జపానుకు లాఫ్కాడియో హెర్న్ అట్టి క్రొత్తవాడు. ఐరిష్ తండ్రికి, గ్రీకు తల్లికి 1850లో ఒక గ్రీకు ద్వీపమున జన్మించిన ఆయన 1890లో జపాను చేరి, మత్సుయే పట్టణమున ఇంగ్లీషు ఉపాధ్యాయుడయ్యెను. చదువుకొను వయసుననే ఒక కన్ను పోయెను. మిగిలిన కంటితో ఆయన చూచినది కొంచెము కాదు. వేకువను బియ్యము దంచు చప్పుడు, చేతులు చరచి ఉదయసూర్యునకు మ్రొక్కు జనులు, పాటపాడు పురుగులను పంజరములలో పెంచుకొను వేడుక, బడిపిల్లల మర్యాదలు, ఇవన్నియు ఆయన రచనలకు వస్తువులైనవి. ఆ దేశపు యువతిని వివాహమాడి, 1896లో ఆ దేశ పౌరుడై, కొయిజుమి యకుమో అను పేరు వహించెను. ఆయన వ్రాసిన ఒక కథ నెల్లూరు తీరవాసులు తప్పక తెలిసికొనదగినది.

1896 జూనులో జపాను ఈశాన్య తీరమున సముద్రము పొంగి ఇరువదివేలకు పైగా జనులు మరణించిరి. ఆ పిమ్మట హెర్న్ ఈ కథను ప్రచురించెను. హమగుచి గోహే అను వృద్ధుడు మెట్టమీది తన యింటినుండి సముద్రము వెనుకకు పోవుట చూచెను. ఊరివారు ఆ వింత చూచుటకై ఒడ్డునకు పరుగెత్తుచుండిరి. కేక వేసినను వినబడదు. వృద్ధుడు కోసి పెట్టిన తన వరికుప్పలకు నిప్పంటించెను. మంట లార్పుటకై ఊరంతయు మెట్ట నెక్కెను. అంతలో కెరటము వచ్చి క్రింది యిండ్లను తుడిచివేసెను.

ఈ కథకు మూలపురుషుడు హమగుచి గోర్యో. హిరో గ్రామమున 1854 డిసెంబరు 24న జరిగిన ఘటన యిది. నిజమునకు గోర్యో అప్పటికి వృద్ధుడు కాడు, ముప్పదినాలుగేండ్లవాడు. మొదటి కెరటము వచ్చిన పిమ్మట, చీకటిలో చిక్కినవారికి మెట్టదారి చూపుటకై గడ్డికుప్పలు ముట్టించెను. అటుపిమ్మట చేసినది మరింత గొప్పది. ఇల్లు వాకిలి పోయినవారికే కూలి యిచ్చి, సొంత ధనముతో సుమారు 600 మీటర్ల కట్ట కట్టించెను. 1946లో సముద్రము మరల పొంగినపుడు ఆ కట్ట ఊరిలో చాల భాగమును కాపాడెను.

హెర్న్ కథను ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడు నకాయ్ త్సునెజో పిల్లలకు తగినట్లు తిరిగి వ్రాసెను. 1937 నుండి 1947 వరకు అది జపాను వాచకములలో పాఠముగా నుండెను. ఐక్యరాజ్యసమితి 2015లో నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినముగా నిర్ణయించినది. జపాను పాత పంచాంగము ప్రకారము గోర్యో కుప్పలు ముట్టించిన దినమదియే.

ఇక మన తీరము మాట. 2004 డిసెంబరు 26 ఆదివారము సుమత్రా చెంత సముద్రగర్భమున భూమి కంపించెను. కెరటములు మన తీరము చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. అంత వ్యవధి యుండియు ఒడ్డున నున్నవారిని హెచ్చరించు ఏర్పాటు లేకపోయెను. ఆంధ్ర తీరమున నూరుమందికి పైగా మరణించిరి. నెల్లూరు జిల్లా పల్లెలును ప్రాణనష్టమునకు గురియైనవి. 2007 నుండి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. సంతోషమే. కాని తీరమునకు చేరువనే భూమి కంపించినచో యంత్రము పలుకులోపలనే కెరటము రావచ్చును. సముద్రము వెనుకకు పోయినపుడు గవ్వల నేరుటకు పోరాదని, మెట్టకు పరుగెత్తవలెనని పిల్లవానికి ముందే తెలిసియుండవలెను. అది నేర్పవలసినది బడి.

మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి తీరగ్రామముల వృద్ధులకు గాలివాటము, పోటుపాటులు, నీటి రంగు చెప్పు సంకేతములు తెలియును. ఆ జ్ఞానములో చాల భాగము నోటిమాటగనే యున్నది. వేమన పద్యముల సేకరణకు బ్రౌను దొర పూనుకొనవలసివచ్చెను. అన్నిటికిని ఒక దొర రావలెనని కూర్చుండుట తగదు. తీరమునగల ప్రతి పాఠశాలయు ఒక పుస్తకము తెరచి, తాతలు చెప్పిన మాటలను విద్యార్థులచే వ్రాయింపవచ్చును. చెప్పినవారి పేరును, ఊరును, కాలమును గుర్తింపవలెను. విన్నదేదో, కల్పించినదేదో వేరుపరుప నేర్పవలెను. గోహే కథయే అందుకు మంచి పాఠము. ఇందుకు ధనము పని లేదు, శ్రద్ధ యొక్కటి చాలును. నెల్లూరు తీరపు ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకొందురని ఆశింతము.